కెంటకీతో ఆడితే చాలు, ఎవడో ఒకడు చెలరేగిపోతాడు: నిజమా, మన భ్రమా?

నీలిచొక్కా (లెక్సింగ్టన్) | మార్చి 9, 2024, రాత్రి 7:40

నాక్స్‌విల్‌లో ఇవాళ జరిగిన కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటలో మన కెంటకీ జట్టు టెనెసీ మీద 85-81తో గెలిచింది. రీడ్ షెపర్డ్ 27, ఆంటోనియో రీవ్స్ 27. సంతోషమే, కాదనను. కానీ ఆ డాల్టన్ నెక్ట్ మన మీద 40 బాదాడు. టెనెసీ మొత్తం స్కోరే 81, అందులో దాదాపు సగం ఒక్కడిదే.

పోనీ ఇదొక్కటే అనుకుందామా అంటే కాదు. నవంబరులో చికాగోలో కాన్సాస్ హంటర్ డికిన్సన్ 27 పాయింట్లు, 21 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతి పట్టుకోవడం). డిసెంబరులో యూఎన్‌సీ విల్మింగ్టన్ మన రప్ అరీనాకే వచ్చి 80-73తో ఓడించి పోయింది, ట్రజారియన్ వైట్ 27. జనవరిలో టెక్సాస్ ఎ అండ్ ఎం వేడ్ టేలర్ 31. ఫిబ్రవరిలో ఇదే టెనెసీ మన ఇంట్లో 103 కొట్టినప్పుడు జీగ్లర్ 26, జోసయా జోర్డన్ జేమ్స్ 26.

నా ప్రశ్న సింపుల్. మన డిఫెన్స్‌లోనే ఏదో లోపం ఉండి ప్రతి జట్టులో ఒకడికి ఇలా పండగ అవుతోందా? లేక మంచి ఆటగాళ్లు ఎవరి మీదైనా ఇలాగే కొడతారా? తిట్టుకోకుండా మాట్లాడండి.

నాక్స్‌విల్_వాసు | మార్చి 9, రాత్రి 8:05

మీ మీదే కొట్టాడని బాధపడకండి అన్నా. నెక్ట్ ఈ సీజన్‌లో నార్త్ కెరోలినా మీద 37, జార్జియా మీద 36, ఫ్లోరిడా మీద 39, పదిరోజుల క్రితం ఆబర్న్ మీద 39 కొట్టాడు. ఆబర్న్ డిఫెన్స్ దేశంలోనే గట్టివాటిలో ఒకటి. మరి వాళ్లను కూడా చేతగానివాళ్లు అందామా?

ఇంకో మాట. ఫిబ్రవరిలో రప్ అరీనాలో అదే నెక్ట్‌ని మీరు 16 దగ్గర ఆపారు. ఆ రోజు మాకు ఎన్ని పాయింట్లు ఇచ్చారో పైన మీరే రాశారు. 103. ఇవాళ అతనికి 40 ఇచ్చి ఆట గెలిచారు. దీన్నిబట్టి ఏది మంచి డిఫెన్సో మీరే చెప్పండి.

లూయివిల్_పక్షి | మార్చి 9, రాత్రి 8:11

పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చున్నా. కొనసాగించండి.

నీలిచొక్కా | మార్చి 9, రాత్రి 8:14

డిసెంబరులో మీ లూయివిల్‌ని 95-76తో ఓడించాం, గుర్తుందా తమ్ముడూ? మీ జట్టు ఎన్ని ఆటలు గెలిచిందో ముందు లెక్కపెట్టుకో. ఒక చేతి వేళ్లు చాలకపోయినా రెండు చేతులవి సరిపోతాయి.

లెక్కలమాస్టారు (డాలస్) | మార్చి 9, రాత్రి 9:30

వాసు గారు చెప్పినదాంట్లోనే అసలు విషయం ఉంది. మనం రెండు వేరే వేరే ప్రశ్నల్ని కలిపేస్తున్నాం.

మొదటిది వేగం. కెంటకీ ఆటలో ఒక్కో జట్టుకి బంతి సగటున 72 సార్ల దాకా చేతికి వస్తుంది. వర్జీనియా లాంటి నత్తనడక జట్టుతో అయితే 60 చుట్టూ. అంటే మనతో ఆడే ప్రతివాడికీ వర్జీనియాతో ఆడేవాడి కంటే ఐదో వంతు అవకాశాలు ఎక్కువ. 20 ఓవర్ల మ్యాచ్‌లో 60 కొట్టడం, 24 ఓవర్లు ఇస్తే 60 కొట్టడం ఒకటి కాదు కదా. మామూలుగా 20 పాయింట్లు చేసేవాడు ఏ గొప్పా చెయ్యకుండానే మన మీద 24 చేస్తాడు. అందుకే 27, 26 అనే అంకెలు చూసి నేను అంత కంగారు పడను.

రెండోది వాటా. జట్టు చేసిన పాయింట్లలో ఆ ఒక్కడిది ఎంత? నీలిచొక్కా గారి జాబితానే తీసుకుని చూశాను. డికిన్సన్ 89లో 27, అంటే 30 శాతం. వైట్ 80లో 27, 34 శాతం. టేలర్ 97లో 31, 32 శాతం. జీగ్లర్, జేమ్స్ చెరో పాతిక శాతం. ఏ జట్టులోనైనా బాగా ఆడిన రోజున పెద్ద స్కోరర్ వాటా ఇంచుమించు ఇంతే ఉంటుంది. నెక్ట్‌ది మాత్రమే 49 శాతం, అది నిజంగా అసాధారణం. ఆ ఆట మనం గెలిచాం.

కాబట్టి "ఒకడు చెలరేగుతున్నాడు" అన్నది పైకి కనబడే లక్షణం మాత్రమే. జబ్బు వేరే ఉంది. అందరూ కొడుతున్నారు, అందులో ఒకడి పేరు మనకి గుర్తుండిపోతోంది. వంద పొసెషన్లకు (బంతి చేతికి వచ్చిన సార్లు) ఎన్ని పాయింట్లు ఇస్తున్నామో చూసే కెన్‌పామ్ పట్టికలో మన అఫెన్స్ మొదటి పదిలో ఉంటే, డిఫెన్స్ 100 దరిదాపుల్లో తచ్చాడుతోంది.

గుంటూరు_గార్డు (గుంటూరు) | మార్చి 10, ఉదయం 1:20

మాస్టారి లెక్కలు బాగున్నాయి కానీ నేను కళ్లతో చూసింది చెబుతా. నేను యూనివర్సిటీకి ఆడాను, ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకి నేర్పిస్తుంటాను. మ్యాన్ టు మ్యాన్‌లో గార్డుకి మొదటి పాఠం స్క్రీన్ దాటడం. ఎదుటి జట్టు పొడుగువాడొకడు వచ్చి అడ్డంగా నిలబడతాడు. మన గార్డు అతని ముందు నుంచి దూరిపోవాలి, భుజం పెట్టి, కాలు ముందుకేసి. అలా దూరలేకపోతే వెనక నుంచి తిరిగి రావాలి. ఆ అర సెకనులో షూటర్‌కి మూడు పాయింట్ల గీత దగ్గర ఖాళీ దొరుకుతుంది.

కెంటకీలో ఏం జరుగుతోందంటే డిలింగ్‌హామ్, షెపర్డ్ ఇద్దరూ స్క్రీన్‌కి తగులుకుని ఆగిపోతున్నారు. ఇద్దరూ సన్నగా ఉంటారు, ఎత్తు కూడా పెద్దగా లేదు. షెపర్డ్ చేతులు భలే చురుకు, బంతి లాక్కోవడంలో అతనంతటివాడు లేడు. కానీ బంతి లాక్కోవడం వేరు, మనిషిని కాపలా కాయడం వేరు. వెనక ఉన్న ఏడడుగుల పిల్లాడేమో రింగు కింద నుంచి కదలడు, ముందుకొస్తే వెనక నుంచి పాస్ పడుతుందని భయం. అంటే స్క్రీన్ అంచున నిలబడినవాడు ఎవరికీ చెందడు. నెక్ట్ లాంటివాడికి అంతకన్నా ఏం కావాలి?

కాబట్టి ఒకడికే ఎక్కువ పాయింట్లు రావడం కేవలం యాదృచ్ఛికం అంటే ఒప్పుకోను. స్క్రీన్ మీద బతికే ఆటగాడు ఏ జట్టులో ఉంటే ఆ జట్టుతో మనకి చిక్కు.

శ్రావణి_యూకే (లెక్సింగ్టన్) | మార్చి 10, ఉదయం 9:02

గార్డు గారూ, మీరు చెప్పినది నిజమే, కానీ వాళ్ల వయసు చూడండి. డిలింగ్‌హామ్, షెపర్డ్, వాగ్నర్, ఎడ్వర్డ్స్, బ్రాడ్‌షా, అందరూ మొదటి ఏడాది పిల్లలు. నిరుడు హైస్కూల్లో ఉన్నారు. ఎదురుగా ఆడేది 22 ఏళ్ల నెక్ట్, నాలుగైదేళ్లు కాలేజీలో నలిగినవాడు. అఫెన్స్ టాలెంటుతో వస్తుంది, డిఫెన్స్ కలిసి ఆడితేనే వస్తుంది. ఎవరు ఎప్పుడు ఎవరిని అప్పగించాలో నోటితో అరుచుకోవాలి. మా సీట్లు పై వరసల్లో, అయినా అవతలి జట్టు అరుపులు వినిపిస్తాయి. మనవాళ్లు మౌనవ్రతం.

లెక్కలమాస్టారు | మార్చి 10, ఉదయం 9:40

వయసు ఒక్కటే కారణమైతే 2012లో కప్పు గెలిచిన జట్టు సంగతేమిటి? ఆంథనీ డేవిస్ అప్పుడు మొదటి ఏడాదే. 2015లో వరసగా 38 ఆటలు గెలిచిన జట్టులో కూడా కుర్రాళ్లే ఎక్కువ, దాని పేరే డిఫెన్స్ మీద నిలిచింది. కోచ్ అప్పుడూ కాలిపారీయే.

పాతకాపు (సిన్సినాటి) | మార్చి 10, మధ్యాహ్నం 12:15

బాబులూ, ఈ దేశం వచ్చి నలభై ఏళ్లు కావస్తోంది. మా ఆఫీసులో లంచ్ టైములో ఇక్కడివాళ్లు పీట్ మారావిచ్ కథలు చెబుతుంటే విని ఈ ఆట నేర్చుకున్నాను. ఒక్కడికి బోలెడు పాయింట్లు ఇవ్వడం కెంటకీకి కొత్త అనుకుంటున్నారా?

మారావిచ్ ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఆడిన మూడు సీజన్లలో, 1968 నుంచి 1970 దాకా, కెంటకీతో ఆరుసార్లు తలపడ్డాడు. ఆరింటి సగటు 52. మళ్లీ చదవండి, సగటు. 1970 ఫిబ్రవరి 21న బేటన్ రూజ్‌లో 64 కొట్టాడు. అప్పటికి మూడు పాయింట్ల గీత కూడా లేదు. ఆ ఆరు ఆటల్లో ఎల్‌ఎస్‌యూ ఎన్ని గెలిచిందో తెలుసా? ఒక్కటీ లేదు. ఆ 64 కొట్టిన రోజు కూడా కెంటకీ 121-105తో గెలిచింది, మన డాన్ ఇసెల్ 51 చేశాడు.

అప్పటి మన కోచ్ అడాల్ఫ్ రప్‌కి డిఫెన్స్ రాదని ఎవరూ అనలేదే! ఒకడు ఎంత కొట్టినా మిగతా నలుగురి దగ్గర ఆట గెలవవచ్చు. కాబట్టి ఒకడి స్కోరు చూసి డిఫెన్స్‌కి మార్కులు వెయ్యకండి.

నాక్స్‌విల్_వాసు | మార్చి 10, మధ్యాహ్నం 12:40

పెద్దాయన చెప్పిందే ఇంకో చోట కూడా జరిగింది. 1991 జనవరి 5న లయోలా మేరీమౌంట్ మీద యూఎస్ ఇంటర్నేషనల్ యూనివర్సిటీ ఆటగాడు కెవిన్ బ్రాడ్‌షా 72 కొట్టాడు. డివిజన్ 1 (కాలేజీ ఆటలో పై అంచె) జట్టు మీద ఒకడు చేసిన అత్యధిక స్కోరు అదే, ఇప్పటికీ. షాట్లు వేసింది 59! ఆట పోయింది, 186-140. లయోలావాళ్ల పద్ధతే అది, మీరు కొట్టండి, త్వరగా కొట్టండి, మేం ఇంకా త్వరగా కొడతాం అని.

గుంటూరు_గార్డు | మార్చి 10, మధ్యాహ్నం 1:05

లయోలా అది కావాలని చేసింది. మారావిచ్ విషయంలో రప్ కూడా తెలిసే వదిలాడనుకుందాం. మనం కావాలని ఇస్తున్నామా? తేడా అక్కడుంది.

---

నీలిచొక్కా | మార్చి 15, రాత్రి 9:50

ఈ చర్చను మళ్లీ పైకి తెస్తున్నా. నాష్‌విల్‌లో ఎస్‌ఈసీ (మన కాలేజీల లీగ్) టోర్నీ. టెక్సాస్ ఎ అండ్ ఎం 97, కెంటకీ 87. వేడ్ టేలర్ 32. జనవరిలో అతనే 31, జట్టు స్కోరు అప్పుడూ 97. అప్పుడంటే ఓవర్‌టైమ్ ఉంది. ఇవాళ అదీ లేదు. ఒకే మనిషి, రెండు నగరాలు, రెండు నెలల తేడా, అదే సినిమా. ఇంకా యాదృచ్ఛికమేనా మాస్టారూ?

లెక్కలమాస్టారు | మార్చి 15, రాత్రి 10:20

97లో 32 అంటే 33 శాతం. జనవరిలో 32 శాతం. నేను చెప్పేదానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? టేలర్ తన వాటా తాను తీసుకున్నాడు. మిగతావాళ్లు కలిసి 65 చేశారు, అది కనబడదేం? టేలర్‌ని 20 దగ్గర ఆపినా వాళ్లు 85 చేసేవాళ్లు.

శ్రావణి_యూకే | మార్చి 15, రాత్రి 10:31

20 దగ్గర ఆపి ఉంటే 87-85తో గెలిచేవాళ్లం కదా మాస్టారూ :)

లూయివిల్_పక్షి | మార్చి 15, రాత్రి 10:33

మేడమ్ ఒక్క లైనులో మాస్టారి పరీక్ష పేపరు దిద్దేశారు.

పాతకాపు | మార్చి 15, రాత్రి 11:10

నాకు టేలర్ మీద కంటే మన పిల్లల నడక మీద బెంగ. రెండో సగంలో అవతలివాళ్లు షాట్ తప్పినా బంతి మళ్లీ వాళ్ల చేతికే. మొదటి షాట్ ఆపి ఊపిరి పీల్చుకుంటే సరిపోదు, రీబౌండ్ పట్టేదాకా డిఫెన్స్ అయిపోయినట్టు కాదు. వచ్చే వారం పెద్ద టోర్నీ, దేశంలోని కాలేజీ జట్ల ఎన్‌సీఏఏ టోర్నీ. మూడో సీడ్ ఇస్తారంటున్నారు. చూద్దాం.

---

శ్రావణి_యూకే | మార్చి 21, రాత్రి 9:48

మాటల్లేవు.

నీలిచొక్కా | మార్చి 21, రాత్రి 9:55

పిట్స్‌బర్గ్‌లో 14వ సీడ్ ఓక్లాండ్ 80, మూడో సీడ్ కెంటకీ 76. ఓక్లాండ్ అంటే కాలిఫోర్నియా అనుకునేవాళ్లకి, కాదు, ఇది మిషిగన్‌లోని యూనివర్సిటీ. జాక్ గోల్కీ 32 పాయింట్లు. మూడు పాయింట్ల షాట్లు 20 వేశాడు, 10 వేశాడు లోపలికి. గీత లోపల నుంచి ఒక్క షాట్ కూడా వెయ్యలేదు. ఒక్కటీ! మొదటి సగంలోనే ఏడు పడ్డాయి. నిరుడు ఇతను హిల్స్‌డేల్ అనే డివిజన్ 2 కాలేజీలో ఆడుతున్నాడు.

ఎన్‌సీఏఏ టోర్నీ చరిత్రలో ఒక ఆటలో ఇంతకంటే ఎక్కువ మూడులు వేసింది ఒక్కడే, 1990లో మిషిగన్ మీద లయోలా మేరీమౌంట్ జెఫ్ ఫ్రయర్, 11.

ఇంక ఈ చర్చ పేరు మార్చనక్కర్లేదు.

లూయివిల్_పక్షి | మార్చి 21, రాత్రి 9:57

ఇవాళ ఏమీ అనను. మా కోచ్‌ని పోయినవారమే తీసేశారు, నాకూ బాధంటే తెలుసు.

(రేపు అంటా.)

గుంటూరు_గార్డు | మార్చి 22, ఉదయం 7:50, మన టైము

అలారం పెట్టుకుని లేచి చూశాను. మా ఆవిడ టీ ఇస్తూ ఎవరు పోయారండీ అంది, నా మొహం అలా ఉంది.

ఇది మాత్రం చెప్పాలి. గోల్కీ ఈ సీజన్ మొత్తంలో వేసిన రెండు పాయింట్ల షాట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అంటే అతను ఏం చెయ్యబోతున్నాడో హాల్లో పాప్‌కార్న్ అమ్మేవాడికి కూడా తెలుసు. డ్రిబుల్ చేసి రింగు దాకా వస్తాడనే భయం అక్కర్లేదు. అలాంటివాడికి మా పిల్లలకి నేను చెప్పేది ఒకటే: అతని చొక్కా వాసన నీకు తెలియాలి. బంతి ఎటుపోయినా చూడకు, సాయానికి పోకు, మిగతా నలుగురూ నలుగురితో ఆడుకుంటారు. అతను ఎడమవైపు మూల నుంచి బయలుదేరి ఒక స్క్రీన్, రెండో స్క్రీన్ తిరిగి పైకి వస్తాడు, బంతి చేతిలో పడేలోపే మోకాళ్లు వంగి ఉంటాయి. మనవాడు అప్పటికి రెండో స్క్రీన్ వెనకాల ఉంటే ఇంకేముంది, చెయ్యి ఎత్తడం ఫొటోకే.

నేనైతే మన థియెరోని మొదటి నిమిషం నుంచి ఆఖరి నిమిషం దాకా అతనికే అంటించేవాడిని. పొడుగు, కాళ్లలో బలం ఉంది, తన వంతు పాయింట్లు చేయాలన్న బరువు లేదు.

లెక్కలమాస్టారు | మార్చి 21, రాత్రి 11:15

ఇక్కడ నేను గార్డు గారితో ఉన్నాను, కానీ నా దారిలో వచ్చి. గోల్కీ మూడుల్లో 37 శాతం చుట్టూ వేస్తాడు. 20 షాట్లు వేస్తే మామూలుగా ఏడో ఎనిమిదో పడాలి. పది పడ్డాయి. అంటే అదృష్టం వాటా రెండు మూడు షాట్లు, ఎనిమిది పాయింట్ల లోపు. ఆట పోయింది నాలుగు పాయింట్లతో కాబట్టి ఆ అదృష్టం చిన్నదని అనను. కానీ పది పడ్డాయని ఏడవడం కంటే ఇరవై ఎలా వెయ్యనిచ్చాం అని అడగాలి. అతని సగటు ఆటకి పది దరిదాపుల్లో. మన మీద రెట్టింపు వేశాడు. షాట్ పడటం మన చేతిలో ఉండదు, షాట్ వెయ్యనివ్వకపోవడం ఉంటుంది.

వాటా 40 శాతం. టేలర్, డికిన్సన్ లెక్కలోకి ఇది రాదు, నెక్ట్ పక్కన పెట్టాలి. జట్టు మొత్తం 31 మూడుల్లో 15 వేసింది, గోల్కీని తీసేస్తే మిగతావాళ్లవి 11లో 5. అందులో డీక్యూ కోల్ మూల నుంచి చివర్లో వేసినదే మన కొంప ముంచింది. ఎందుకు ఖాళీ దొరికింది? అందరి కళ్లూ గోల్కీ మీద ఉండబట్టి.

పాతకాపు | మార్చి 21, రాత్రి 11:40

ఇంకోటి గమనించండి. 2022లో సెయింట్ పీటర్స్ చేతిలో పోయినప్పుడు డారిల్ బ్యాంక్స్ 27. 2023లో కాన్సాస్ స్టేట్ మార్క్విస్ నోవెల్ 27. ఇప్పుడు గోల్కీ 32. మూడేళ్లలో మూడు వేరే వేరే జట్లు కదా మనవి? ఆటగాళ్లు చాలామంది మారారు. మారనిది ఎవరో నేను చెప్పను.

నీలిచొక్కా | మార్చి 21, రాత్రి 11:44

మేం చెబుతాం పెద్దాయనా. రోడ్డు మీద జనం ఇప్పటికే చెబుతున్నారు.

మోడరేటర్ | మార్చి 22, ఉదయం 6:30

కోచ్ కుటుంబం మీద, ఆటగాళ్ల మీద రాసిన నాలుగు పోస్టులు తీసేశాను. వాళ్లు 19 ఏళ్ల పిల్లలు. డిఫెన్స్ గురించి మాట్లాడండి.

నాక్స్‌విల్_వాసు | మార్చి 22, ఉదయం 8:12

పాతకాపు గారూ, మూడూ ఒకటే అనడం అన్యాయం. నోవెల్ ఐదడుగుల ఎనిమిదంగుళాల గార్డు, బంతి చేతిలో పెట్టుకుని చీల్చుకుంటూ పోయే రకం. గోల్కీ బంతి లేకుండా పరిగెత్తే రకం. నోవెల్‌ని ఆపాలంటే పెద్దవాడు ముందుకు రావాలి, గోల్కీని ఆపాలంటే గార్డు వెంటపడాలి. ఒకే మందు రెండింటికీ పనిచేయదు.

గుంటూరు_గార్డు | మార్చి 22, ఉదయం 8:40

పని చేయదు, సరే. కానీ ఆట మధ్యలో మందు మార్చాలి కదా? మొదటి సగంలో ఏడు పడ్డాక కూడా అదే పద్ధతి. జోన్ (మనిషిని కాక చోటుని కాపలా కాయడం) వేసి చూడొచ్చు, లేదా నలుగురు జోన్‌లో ఉండి ఒకడు గోల్కీ మీద ఉండే బాక్స్ అండ్ వన్ వెయ్యొచ్చు. మా ఊళ్లో ఇంటర్ కాలేజీ ఆటల్లో కూడా వేస్తాం.

శ్రావణి_యూకే | మార్చి 22, ఉదయం 9:15

బాక్స్ అండ్ వన్ వేస్తే రింగు కింద వాళ్ల ట్రే టౌన్సెండ్ ఉన్నాడు, అతనికి వదిలేసినట్టవుతుంది. అయినా ఆ రెండు పాయింట్లే ఇద్దామనుకోవచ్చు, మూడు కంటే రెండు తక్కువేగా. నాకు అర్థం కానిది, అంతసేపు విరామం ఉంటే అప్పుడు కూడా ఎవరికీ ఇది తట్టలేదా?

---

నాక్స్‌విల్_వాసు | మార్చి 23, రాత్రి 10:20

ఓక్లాండ్ పోయింది, ఎన్‌సీ స్టేట్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 79-73. గోల్కీ 22, ఆరు మూడులు. ఐదు నిమిషాలు ఎక్కువ ఆడి కూడా.

నీలిచొక్కా | మార్చి 23, రాత్రి 10:31

చూశారా? రెండు రోజుల తేడా. ఎన్‌సీ స్టేట్ వాళ్లకి అతన్ని 22 దగ్గర ఆపడం వచ్చింది.

లెక్కలమాస్టారు | మార్చి 23, రాత్రి 10:50

73లో 22 అంటే 30 శాతం. వాళ్లూ ఆపలేదు, మామూలు మోతాదులో ఇచ్చారు. గెలిచారు.

పాతకాపు | మార్చి 23, రాత్రి 11:05

అదే నేను మారావిచ్ దగ్గర చెప్పింది.

గుంటూరు_గార్డు | మార్చి 24, మధ్యాహ్నం 12:10, మన టైము

మామూలు మోతాదులో ఇవ్వడమే డిఫెన్స్ మాస్టారూ. ఎన్‌సీ స్టేట్ ఆట మళ్లీ పెట్టుకుని చూశాను. స్క్రీన్ దగ్గర ఇద్దరూ అరుచుకుని మనుషుల్ని మార్చుకుంటున్నారు, గోల్కీ ఎదురుగా ఎప్పుడూ ఎవరో ఒకరి ఛాతీ ఉంది. వేసిన షాట్లలో చాలావరకు ఒంటికాలి మీద, పక్కకి పడిపోతూ వేసినవే. ఎవరి దగ్గరైనా రెండు ఆటల వీడియో మొత్తం ఉంటే ఒక్క పని చెయ్యండి. గోల్కీ వేసిన ప్రతి షాట్‌కీ బంతి చేతికందిన క్షణం దగ్గర ఆపి, దగ్గరలో ఉన్న డిఫెండర్ ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడో రాసుకోండి. ఇక్కడ పెట్టండి. నేను కెంటకీ ఆట మొదటి సగం ఇవాళ రాత్రి చేస్తా, రెండో సగం ఎవరు తీసుకుంటారు?

శ్రావణి_యూకే | మార్చి 24, ఉదయం 8:30

రెండో సగం నాకు. మూలల్లో ఉన్నప్పుడు కెమెరాకి సరిగ్గా కనబడడు, అవి విడిగా రాస్తాను.

లూయివిల్_పక్షి | మార్చి 24, ఉదయం 8:41

రేపు అంటా అన్నాను కదా, రెండు రోజులు లేటయింది. అడుగులు కొలవడానికి మీకు టేపు కావాలంటే పంపుతా, పొడుగ్గా ఉండేది.